వంతెన మీద రెప్పపాటు

దగ్గుల డాక్టరు ఏ కాలేజీలోనూ వైద్యం చదవలేదు. అతని దగ్గరికొచ్చే రోగులు మనుషులు కారు. పాతికేళ్లు పైబడిన కార్లు. నడుస్తున్న ఇంజను ఉన్నట్టుండి ఒక దెబ్బ మింగేస్తుంది. బండి ముందుకు తూలి, మళ్లీ ఏమీ ఎరగనట్టు సాగిపోతుంది. షెడ్లలో దాన్ని మిస్సింగ్ అంటారు, వీధి జనం దగ్గు అంటారు. కొత్త కార్లకైతే కంప్యూటరు తగిలిస్తే జబ్బు పేరు అదే చెప్పేస్తుంది. పాతవి అంత సులువుగా నోరు విప్పవు. ముసలివాళ్లలాగే, నొప్పి ఒకచోట ఉంటే ఇంకోచోట మూలుగుతాయి. పక్కన కూర్చుని వినేవాడు ఒకడు కావాలి. వంతెనకి ఈవల ఉన్న రేకుల షెడ్డులో ఆ వినేవాడు ఇతను.

పొడుగాటి స్క్రూడ్రైవరు కొనని ఇంజనుకి, పిడిని చెవికి ఆనించి కళ్లు మూసుకున్నాడంటే పక్క షెడ్డులోని రేకుల మేస్త్రి కూడా సుత్తి పక్కన పెట్టేస్తాడు. సొట్టలు తీసే మేస్త్రికి సుత్తి ఆపడమంటే ఊపిరి ఆపడమే. అయినా ఆపుతాడు. "మూడో సిలిండరు అలిగింది" అని డాక్టరు అన్నాక, విప్పి చూస్తే మూడోదే అయ్యుంటుంది.

చెవి గొప్పతనం గురించి చెప్పుకోవాలంటే చాలా ఉంది. మణికట్టు పట్టుకుని కడుపులో సంగతి చెప్పిన వైద్యులున్నారు. నేలకి చెవి ఆనించి ఆమడ దూరంలో గుర్రాలెన్నో లెక్కపెట్టిన వేగులున్నారు. కానీ చెవికి ఒక పాడు గుణం కూడా ఉంది. ఓడల్లో ఇంజను గది పక్కన పడుకునే నావికులకి ఆ రొదలోనే హాయిగా నిద్ర పడుతుందట, రొద ఆగితేనే మెలకువ వస్తుందట. రోజూ వినేదాన్ని చెవి వినడం మానేస్తుంది. ఇది ప్రస్తుతానికి పక్కన పెడదాం, తర్వాత పనికొస్తుంది.

షెడ్డులో గోడకి ఒక చెక్క పలక, దానికి వరసగా మేకులు. ఒక్కో మేకుకి ఒక్కో కారు మారుతాళం వేలాడుతుంటుంది, గుర్తుకోసం గోరంత రేకు ముక్క కట్టి. పాత ఖాతాదార్లను బండి తెమ్మనడం అతనికి నచ్చదు. పొద్దున్నే తనే వెళ్లి, గుమ్మం ముందున్న కారుని తన తాళంతో తీసుకొచ్చేస్తాడు. సాయంత్రానికి ఆరోగ్యంగా తిరిగి తీసుకెళ్లి నిలబెడతాడు. "దొంగకీ నీకూ తేడా ఒక్కటేనోయ్, నువ్వు మళ్లీ తెచ్చిపెడతావు" అంటాడు మేస్త్రి. "రోగిని పరీక్ష చేసేటప్పుడు చుట్టాలు దగ్గరుంటే రోగి నిజం చెప్పడు" అంటాడు ఇతను. ముప్పయ్యేళ్లుగా నడిచిన పద్ధతి. అందులో తప్పేమైనా ఉందని ఎవరూ అనలేదు.

ఆ పలక మీద మొదటి మేకు వాళ్లక్క కారుది.

అక్క ఇతనికన్నా తొమ్మిదేళ్లు పెద్ద. అమ్మ పోయేనాటికి ఇతనికి నిండా అయిదేళ్లు లేవు. జడ వేసుకునే వయసులో అక్క ఇతని ముక్కు తుడిచింది, అన్నం పెట్టింది, వీపు పగలగొట్టింది, మళ్లీ దగ్గరికి తీసుకుంది. పెళ్లయ్యాక కూడా ఇతన్ని వెంటబెట్టుకునే వెళ్లింది. బావకి అప్పట్లో పెళ్లాంతో పాటు బావమరిది కూడా ఉచితంగా వచ్చాడు. ఆయన ఆ మాట ఇప్పటికీ అంటుంటాడు, నవ్వుతూనే.

వంతెనకి ఆవల ఉన్న పెద్దాసుపత్రిలో దుప్పట్ల స్టోరు అక్కది. ముప్పయ్యొక్క సంవత్సరాలుగా అక్కడి అలమారాలన్నిటి తాళాలూ ఆమె చేతిలోనే ఉన్నాయి. దానికి తోడు ఇంటి తాళాలు, పెట్టెల తాళాలు, ఎప్పుడో పారేసిన బీరువా తాళం కూడా. అన్నీ ఒకే ఇనుప వలయానికి. ఆ గుత్తిని చూస్తే ఎవరికైనా జైలు గుర్తొస్తుంది. తమ్ముడికి మాత్రం ఇల్లు గుర్తొస్తుంది. చిన్నప్పుడు వీధి మొదట్లో గుత్తి గలగల వినిపిస్తే చాలు, చేస్తున్న వెధవ పని ఆపి పుస్తకం తెరిచేవాడు. "గుత్తిలో లేని తాళం పోయిన తాళమే" అనేది అక్క వేదవాక్కు.

బావ భూముల కొలతలు వేసే సర్వేయరుగా చేసి రిటైరయ్యాడు. రెండేళ్ల కిందట ఆయన కంటిచూపు అంచుల నుంచి తరిగిపోతూ వచ్చింది. ఎదురుగా ఉన్నది కనిపిస్తుంది, పక్కనుంచి వచ్చేది కనిపించదు. ఇక బండి ముట్టుకోవద్దన్నారు డాక్టర్లు, అసలు డాక్టర్లు. అప్పుడు యాభై ఆరేళ్ల అక్క, సైకిలు కూడా ఎక్కని అక్క, డ్రైవింగు నేర్చుకుంది. పక్క సీట్లో బావ సర్వేయరు భాషలో, "కుడికి రెండడుగులు, ఇంకో అడుగు, హా, చాలు" అంటూ నేర్పాడు. పరీక్ష మొదటిసారికే గట్టెక్కింది. ఆ రోజు బావ తను పంతొమ్మిదేళ్లు విడిగా జేబులో మోసిన కారు తాళాన్ని ఆమె చేతిలో పెట్టాడు. ఆమె దాన్ని అక్కడికక్కడే గుత్తికి ఎక్కించేసింది. ఆమె లెక్కలో అంతకన్నా పెద్ద గౌరవం లేదు.

ఎనిమిది నెలలు బాగానే నడిచింది. తర్వాత ఒక మధ్యాహ్నం ఆసుపత్రి నుంచి వస్తూ అక్క షెడ్డు ముందు కారు ఆపింది.

"ఒరేయ్, బండి దగ్గుతోందిరా."

"ఎక్కడ?"

"వంతెన మీద. అతుకులొస్తాయి చూడు, అక్కడ. ఆసుపత్రి గేటు దగ్గర గతుకుల్లో కూడా. దగ్గినప్పుడల్లా ఎర్రదీపం కన్ను కొడుతోంది."

"ఏ దీపం?"

"బ్యాటరీ బొమ్మ ఉంటుందే, అది."

"పాత బండి కదక్కా, దీపాలు మినుకుమంటూనే ఉంటాయి. అసలు సంగతి చెప్పు. వేడెక్కాక దగ్గుతోందా, చల్లగా ఉన్నప్పుడా?"

"గతుకు వచ్చినప్పుడు" అంది అక్క. "చెప్పాగా."

"సరేలే, రేపు పొద్దున్న తీసుకొచ్చి చూస్తా."

మర్నాడు పొద్దున్నే మొదటి మేకు మీది తాళం తీసుకుని వెళ్లి కారు తెచ్చాడు. దారిలో వంతెన మీద అటూ ఇటూ నాలుగుసార్లు తిప్పాడు. చిన్న దగ్గు కూడా లేదు. బోనెట్ ఎత్తాడు. ఇంజను నడుస్తుండగా ప్లగ్గు వైర్లు ఒక్కొక్కటే ఊడదీసి చూశాడు. పని చేస్తున్న సిలిండరు వైరు తీస్తే ఇంజను కుంటాలి. కుంటకపోతే ఆ సిలిండరు అప్పటికే దొంగనిద్ర పోతున్నట్టు లెక్క. నాలుగు వైర్లకీ నాలుగుసార్లు నిజాయితీగా కుంటింది. ప్లగ్గులు విప్పితే కొనలు ఇటుక రంగులో ఉన్నాయి, అంతకన్నా ఆరోగ్యం ఇంకేముంటుంది? ఆసుపత్రిలో పనికిరాదని పక్కన పడేస్తే అక్క ఇచ్చిన పాత దుప్పటొకటి ఉంది. దాన్ని బోనెట్ మీదా తన తల మీదా కప్పుకుని, ఆ చీకట్లో వైర్ల నుంచి నిప్పురవ్వలు బయటికి తప్పించుకుంటున్నాయేమోనని చూశాడు. ఒక్కటీ లేదు. దుప్పటి కింది నుంచి చెమటతో బయటికొచ్చిన అతన్ని చూసి మేస్త్రి, "ఏమోయ్, ఆవిరి పట్టించుకున్నావా? దగ్గు బండికా, నీకా?" అన్నాడు.

సాయంత్రం కారు తిరిగి అప్పజెప్పాడు. మరుసటి పొద్దున వంతెన మీద అక్కకి మూడుసార్లు దగ్గింది.

రెండోసారి తెచ్చాడు. పెట్రోలు ఫిల్టరు మార్చాడు, కార్బురేటరు విప్పి కడిగాడు, పాయింట్లు కొత్తవి వేశాడు. మళ్లీ వంతెన మీద ఆరుసార్లు. పసిపిల్లాడిలా నవ్వుతూ వెళ్లింది బండి. అక్క చేతిలోకి వెళ్లగానే దగ్గు. మూడోసారి కాయిలు మార్చాడు, ప్లగ్గు వైర్లు మార్చాడు. అతనికి బాగుంది. ఆమెకి దగ్గు.

బావకి పండగైపోయింది. "ఆడలేక మద్దెల ఓడన్నదట! నా చేతిలో పంతొమ్మిదేళ్లు తుమ్మని బండి, నీ చేతిలోకి రాగానే దగ్గడమేమిటే?"

"బండిని అడగండి. మీ శిష్యురాలే కదా అదీ" అంది అక్క.

"ఏమోయ్ డాక్టరూ, నువ్వు చెప్పు. బండికా జబ్బు, మా ఆవిడ క్లచ్చి కాలికా?"

ఎగతాళే గానీ, దాని అడుగున భయం ఉందని డాక్టరుకి తెలుసు. వంతెన మీద వెనక లారీ ఉండగా ఇంజను నిజంగానే ఆగిపోతే? పక్కనుంచి వచ్చేది చూడలేని మనిషికి, ఇంట్లో కూర్చుని ఆ లారీ ఒక్కటే పొద్దంతా కనిపిస్తోంది. అందుకే బావ పాత కార్లు కొనే ఆసామీతో మాట్లాడేశాడు. ఆదివారం వచ్చి తోలుకుపోతానన్నాడతను.

గురువారం సాయంత్రం, నాలుగోసారి కూడా ఏమీ దొరక్క కారు తిరిగిచ్చి, అక్క పెట్టిన టీ తాగుతూ డాక్టరు నోరు జారాడు.

"అక్కా, ఒక్కమాట. గతుకుల్లో క్లచ్చి మీంచి కాలు టక్కున తీసేస్తున్నావేమో... కొంచెం మెల్లగా వదిలి చూడు."

అక్క చేతిలో ఆడుతున్న గుత్తి ఆగింది.

"అంతేనంటావా?"

"అంతే అనడం లేదు. అదీ ఒక..."

"సరేలేరా. ఆదివారం ఆయన్ని రమ్మనే చెప్పండి" అంది భర్త వైపు తిరిగి. "నాకు బస్సుంది."

బస్సుంది, నిజమే. రెండు బస్సులు మారి, ఆసుపత్రి వెనకవైపు దిగి, నొప్పి మోకాలితో ముప్పావు గంట నడక. ఆ లెక్క ఆమె చెప్పలేదు. చెప్పి ఉంటే అతనికి కొంచెం తేలిగ్గా ఉండేది. టీ గ్లాసు కడగడానికి తీసుకెళుతూ, "ఇంకా కావాలా?" అని కూడా అడిగింది, ఎప్పట్లాగే. కోపం వచ్చినా అన్నం మానిపించని మనుషులతో ఇదే చిక్కు. ఎక్కడ తగిలిందో పైకి తెలియనివ్వరు, పాత ఇంజన్లలాగే.

శుక్రవారమంతా షెడ్డులో డాక్టరు ఏ పనీ తిన్నగా చేయలేదు. ఒక బండికి ప్లగ్గులు బిగించి, బిగించానో లేదోనని మళ్లీ విప్పాడు. మేస్త్రి అది గమనించి సుత్తి దించాడు.

"పెరటి చెట్టు మందుకు పనికిరాదంటారు, విన్నావా?"

"చెట్టు నేనా, మా అక్కా?"

"అది నువ్వు తేల్చుకో. ఒకటి చెప్పు. ఎవరో ముక్కూమొహం తెలియని మనిషి వచ్చి, 'బండి నా చేతిలోనే దగ్గుతోంది, నీ చేతిలో దగ్గడం లేదు' అంటే ఏం చేస్తావు?"

"ఏముంది, ఆ మనిషినే నడపమని నేను పక్కన..."

అక్కడ ఆగిపోయాడు డాక్టరు. ఎనిమిది నెలల్లో అక్క నడిపే కారులో తను ఒక్కసారి కూడా కూర్చోలేదు. ఎప్పుడు కారెక్కినా, "నువ్వు లే అక్కా, నేను తోలతాను" అన్నాడు. ప్రేమగానే అన్నాడు. ఆ ప్రేమలో ఆమెకి రాదన్న మాట దాక్కుని ఉందని ఇప్పుడు తెలిసి, చెవులు వేడెక్కాయి.

శనివారం పొద్దున వాళ్లింటికి నడిచి వెళ్లాడు. మొదటి మేకు మీది తాళం తీయలేదు.

"అక్కా, పద. వంతెన దాకా వెళ్లొద్దాం."

"తీసుకెళ్లు. అక్కడే ఉందిగా బండి."

"తాళం తేలేదు. నువ్వు నడుపు."

"నాకు రాదుగా."

"అక్కా."

 ఆమె కొంగుతో మొహం తుడుచుకుని, గుత్తి తీసుకుని బయటికి నడిచింది. బావ తనూ వస్తానన్నాడు. "సాక్షి ఉండాలిగా" అంటూ వెనక సీట్లో సర్దుకున్నాడు.

బాగా నడిపింది. డాక్టరు ఊహించినదానికన్నా చాలా బాగా. క్లచ్చి మీంచి కాలు అరటిపండు తొక్క ఒలిచినట్టు వదులుతోంది. మలుపులో తొందర లేదు, గేరు మార్చేటప్పుడు ఒక్క గరగర లేదు. అతను అలవాటు ప్రకారం కళ్లు మూసుకోబోయి, ఎందుకో తెరిచే ఉంచాడు.

వంతెన మొదలైంది. మొదటి అతుకు. ఇంజను చప్పున ఆగి, చప్పున అందుకుంది. రెండో అతుకు దగ్గర మళ్లీ.

"విన్నావా!" అన్నాడు వెనక నుంచి బావ. "అదిగో క్లచ్చి!"

"కాలు అసలు క్లచ్చి మీదే లేదు బావా, ఊరుకోండి" అన్నాడు డాక్టరు. ఒక సిలిండరు దెబ్బ తప్పితే బండి కుంటుతుంది. మూడు కాళ్ల కుక్కలా ఒక లయలో కుంటుతుంది. ఇది కుంటడం లేదు. నాలుగూ ఒక్కసారే పోయి, ఒక్కసారే వస్తున్నాయి. ఇది దగ్గే కాదు. ఇది రెప్పపాటు. ఇంజనుకి వెళ్లే కరెంటునే ఎవరో రెప్ప వాల్చి తెరిచినట్టు ఆపి వదులుతున్నారు. ఎర్రదీపం వైపు చూశాడు. మూడో అతుకు దగ్గర దీపం కన్ను కొట్టింది. సరిగ్గా అక్క చెప్పినట్టే, సరిగ్గా ఇంజను ఆగిన క్షణంలోనే.

ఆ దీపం పక్కనే, స్టీరింగు కింద, ఇగ్నిషన్లో ఉన్న తాళానికి వేలాడుతూ గుత్తి ఊయలూగుతోంది. ముప్పయ్యొక్క ఏళ్ల అలమారాలూ, ఇల్లూ, పారేసిన బీరువా, అన్నీ ఒక్కసారిగా కిందికి లాగి, గలగలమని పైకెగిరాయి. బండి ఎక్కినప్పటి నుంచీ ఆ గలగల వినిపిస్తూనే ఉంది. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచీ వినిపిస్తూనే ఉంది. అందుకే వినలేదు.

అతను చెయ్యి చాచి అరచేతిని గుత్తి కింద పట్టాడు, పిట్ట గూడు కింద పట్టినట్టు. బరువంతా చేతిలోకి దిగింది.

"ఏం చేస్తున్నావురా?"

"నువ్వు రోడ్డు చూడు."

నాలుగో అతుకు. ఇంజను ఏకధాటిగా సాగింది. అయిదు, ఆరు. దీపం నిద్రపోయింది. చెయ్యి తీశాడు, ఏడో అతుకు దగ్గర రెప్పపాటు. మళ్లీ చెయ్యి పెట్టాడు. వంతెన చివరిదాకా అలాగే పట్టుకుని కూర్చున్నాడు, అవసరం తీరిపోయాక కూడా.

అవతలి ఒడ్డున కారు ఆపించి చెప్పాడు. తాళం పెట్టి తిప్పే పాత స్విచ్చి లోపల అరిగిపోయింది. ఒక్క తాళమే ఉన్నన్నాళ్లూ ఎలాగో నెట్టుకొచ్చింది. గుత్తి బరువు ఎనిమిది నెలలు లాగేసరికి ఇంకా వదులైంది. ఇప్పుడు గతుకు వచ్చి గుత్తి ఊగినప్పుడల్లా లోపల కరెంటు తెగి అతుక్కుంటోంది. "నేనేమో ప్రతిసారీ నా మారుతాళంతో నడిపాను. దానికి గోరంత రేకు తప్ప బరువు లేదు. జబ్బు నీ గుత్తిలో ఉంటే, గుత్తి నీ దగ్గర వదిలేసి బండిని మాత్రం ఆసుపత్రికి తీసుకెళ్లాను. చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతకడమంటే ఇదే."

అక్క తాళం తీసి, గుత్తిని చేతిలోకి తీసుకుంది. "ఎర్రదీపం అని మొదటి రోజే చెప్పానుగదరా."

"చెప్పావు."

"బ్యాటరీ బొమ్మ అని కూడా చెప్పాను."

"చెప్పావక్కా. తప్పు నాదే. క్లచ్చి మాట కూడా."

"ఊఁ" అంది. ఆ ఒక్క అక్షరంలో తిట్టూ అయిపోయింది, క్షమించడమూ అయిపోయింది.  అక్క అద్దంలోంచి వెనక సీటు వైపు చూసింది. "ఏమండీ, సాక్షిగారూ. మద్దెల సంగతేమిటి?"

బావ గొంతు సవరించుకున్నాడు. "మద్దెల... నిజంగానే ఓడేనే."

కారు తాళాన్ని వలయం నుంచి తప్పించడానికి డాక్టరు జేబులోంచి పట్టకారు తీశాడు. అక్క గుత్తి ఇవ్వలేదు. "గుత్తిలో లేని తాళం..." అని మొదలుపెట్టి, తనే ఆగి, తనే వలయం విప్పింది. తాళాలు ఒక్కొక్కటే జరుపుతుంటే మధ్యలో చిటికెన వేలంత తుప్పు తాళం ఒకటి కనిపించింది. డాక్టరు దాన్ని పోల్చుకున్నాడు. తన బడి పెట్టెది. పెట్టె పోయి నలభై ఏళ్లయింది.

"ఇదెందుకు ఇంకా?"

"బరువేముంది దానికి? ఉండనీ" అంది. దాన్ని జాగ్రత్తగా మళ్లీ వలయంలోకే జరిపింది.

ఆదివారం వచ్చిన ఆసామీని బావే గుమ్మంలో నిలబెట్టి, బండి అమ్మడం లేదని చెప్పి పంపేశాడు. అంత పాత బండికి కొత్త స్విచ్చి దొరకడానికి మూడు వారాలు పడుతుందట. గుత్తిని సంచిలో వేస్తే ఆసుపత్రి చేరేలోపు పదిసార్లు తడుముకోవాలి, ఒళ్లో పెట్టుకుంటే జారుతుంది. అందుకని ఆ మూడు వారాలకీ బావకి ఉద్యోగం దొరికింది: పక్క సీట్లో కూర్చుని తాళాలు మోయడం, ఆసుపత్రి దగ్గర గుత్తి అప్పజెప్పి బస్సులో ఇంటికి రావడం. జీతం లేని ఆ కొలువుకి ఆయన చొక్కా ఇస్త్రీ చేయించుకుని మరీ తయారయ్యాడు.

సోమవారం పొద్దున డాక్టరు షెడ్డు వదిలి వంతెన మొదట్లో నిలబడ్డాడు. ఏదో నట్టు కొనడానికి వెళుతున్నానని మేస్త్రితో అబద్ధం చెప్పాడు. కారు వచ్చింది. అక్క రెండు చేతులూ స్టీరింగు మీద, చూపు రోడ్డు మీద. తమ్ముణ్ణి చూసినా చూడనట్టే ఉంది, అదే సరైన డ్రైవింగు. మొదటి అతుకు, రెండోది, మూడోది. అతను కళ్లు మూసుకుని విన్నాడు. ఇంజను ఒక్క దెబ్బ మింగలేదు.

ఉన్నట్టుండి గలగల వినిపిస్తే కళ్లు తెరిచాడు. కిటికీలోంచి చెయ్యి బయటపెట్టి, బావ గుత్తిని గంటలా ఊపుతున్నాడు. చెయ్యి లోపల పెట్టుకోమని అక్క తిడుతున్న తిట్లు, వంతెన మధ్య దాకా వినిపించాయి.